జాతీయానికి సాటి జాతీయం

సభకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయేది మనం పొద్దున లేచిన దగ్గర నుంచి వాడుతూ, వాడుతున్నామన్న స్పృహ కూడా లేకుండా దాటిపోయే మాటల గురించి. వాటిని జాతీయాలంటాం, నుడికారాలంటాం, పలుకుబళ్ళంటాం. ఒక జాతి మాటతీరుకు చెందినది కనుక జాతీయం అన్నారు. ఇంగ్లీషువారి ఇడియమ్ అనే మాటకు మూలం గ్రీకులోని 'ఇడియోస్'; తనదైనది, సొంతమైనది అని దాని అర్థం. కన్నడిగులు నుడిగట్టు అంటారు. తమిళులు మరబుత్తొడర్ అంటారు, అంటే పరంపరగా వస్తున్న పదబంధం. హిందీ, ఉర్దూలలో ముహావరా. అరబ్బీలో ఆ మాటకు సంభాషణ అని అర్థం. చైనీయులు చెంగ్‌యు అంటారు, అంటే ముందే తయారై ఉన్న మాట. వాటిలో ఎక్కువ భాగం సరిగ్గా నాలుగక్షరాల్లో ఒదిగి ఉంటాయి. పేరు పెట్టడంలోనే ఒక్కో భాష ఒక్కో గుణాన్ని పట్టుకుంది: ఒకరికి అది సొంతం, ఒకరికి కట్ట, ఒకరికి పరంపర, ఒకరికి నలుగురూ కూర్చుని మాట్లాడుకునే మాట.

సామెతకూ జాతీయానికీ తేడా ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళతాను. సామెత తనంతట తానే నిలబడే వాక్యం, ఒక తీర్పు. జాతీయం మన వాక్యంలో ఒదిగి పనిచేసే ముక్క. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" సామెత. "చేతులెత్తేశాడు" జాతీయం. ఈ రెంటి మధ్య గట్టు అంత ఎత్తైనదేమీ కాదు, చాలా మాటలు అటూ ఇటూ దాటుతూనే ఉంటాయి. అయితే జాతీయాన్ని గుర్తుపట్టడానికి ఒక తేలిక పరీక్ష ఉంది: అందులో ఒక్క మాట కదిపి చూడండి. "చేతులెత్తేశాడు" అంటే ఇక తన వల్ల కాదన్నాడని. "చేతులు పైకెత్తాడు" అంటే చేతులు పైకెత్తాడనే, అంతకు మించి ఏమీ లేదు. మాటలు విడివిడిగా ఇచ్చే అర్థం వేరు, కలిసి ఇచ్చే అర్థం వేరు. అందుకే ఒక భాషలోని జాతీయాన్ని ఇంకో భాషలోకి తీసుకుపోవడం అనువాదకుల ప్రాణం మీదికి వస్తుంది.

నేను అనువాదం, దుబాసీ పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒక విదేశీ అతిథి వెంట ఉన్నాను. ఆమె చేసిన సాయానికి ఒక ముసలావిడ కరిగిపోయి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నీ కడుపు చల్లగుండ, తల్లీ" అంది. నేను తడుముకోకుండా ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషులో పెట్టేశాను: మీ పొట్ట చల్లగా ఉండాలని కోరుకుంటున్నది అని. అతిథి ముఖం మారింది. చేయి పొట్ట మీదికి పోయింది. తన ఆరోగ్యం బాగా లేదని ఆ పెద్దావిడకు ఎలా తెలిసిందని నన్ను మెల్లగా అడిగింది. ముసలావిడేమో తన ఆశీస్సు చేరిందా లేదా అని నా వైపే చూస్తున్నది. నేను పొరపాటు సర్దేలోగా ఆ క్షణం దాటిపోయింది. ఇద్దరు మంచి మనుషుల మధ్య నిలబడి, ఒకరు ఇచ్చినదాన్ని ఇంకొకరికి అందకుండా చేశానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పుడు నేను చేసిన తప్పు ఏమిటి? కడుపు అన్న మాటకు పొట్ట అని అర్థం చెప్పాను. ఆ ముసలావిడ నోట్లో కడుపు అంటే పిల్లలు, వంశం. చల్లగా అన్న మాటకు చలి అని అర్థం చెప్పాను. తెలుగులో చల్లన అంటే క్షేమం. మనకు తల్లి చల్లనిది, చూపు చల్లనిది, కోరుకున్నది చూస్తే కళ్ళు చల్లబడతాయి. మంట మాత్రం చెడ్డది: కడుపు మంట అంటే అసూయ, ఒళ్ళు మంట అంటే కోపం, ఆ కోపం మరీ ముదిరితే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇంగ్లీషు చలినేల మీద పెరిగిన భాష. అక్కడ ఆదరణ వెచ్చనిది, నిరాదరణ చల్లనిది. ఒకరిని చూసి ముఖం చాటేయడాన్ని వాళ్ళు చల్లని భుజం చూపడం అంటారు. కనుక ఆ రోజు నేను చెప్పవలసినది "నీ పిల్లలు క్షేమంగా ఉండాలమ్మా" అని. అందులో కడుపూ లేదు, చల్లదనమూ లేదు. కానీ ఆవిడ ఇచ్చినది మొత్తం ఉంది.

నాకు తెలిసినంతలో సాటి జాతీయాన్ని వెతికే దారి ఇదే. జాతీయంలో మన కంటికి ముందు కనబడేది బొమ్మ. ఆ బొమ్మ వెనక ఒక పని ఉంటుంది: ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో, ఎంత బరువుతో అంటున్నారన్నది. వెతకవలసినది ఆ పనిని. బొమ్మ కూడా కలిసి వస్తే అది మన అదృష్టం.

ఆ అదృష్టం ఒక్కోసారి ఆశ్చర్యపరిచేంతగా వరిస్తుంది. చిన్న పనికి పెద్ద ఆయుధం ఎత్తితే మనం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటాం. జర్మన్లు పిచ్చుకల మీద ఫిరంగులు పేల్చడం అంటారు, రష్యన్లూ అదే మాట అంటారు. ఆయుధాలు వేరు, పిట్ట మాత్రం ఒక్కటే. ఇంగ్లీషువారు గింజ పగలగొట్టడానికి సమ్మెట తెస్తారు. చైనీయులైతే కోడిని కోయడానికి ఎద్దును కోసే కత్తి దేనికని అడుగుతారు. ఆ మాట కన్ఫ్యూషియస్ సంభాషణల్లోనే ఉంది. మనిషి కంటికి ఎప్పుడూ ఆనుతూ, ఎవరికీ అపకారం తలపెట్టని చిన్న ప్రాణి ఏదంటే పిచ్చుకే గుర్తుకు రావడం సహజం కనుక, ఇది ఒకరి నుంచి ఒకరు తీసుకున్నది కాదనీ, ఎవరికి వారికి తోచినదేననీ నేను అనుకుంటాను.

జోరువాన మాటల్లోనూ ఇలాంటిదే జరిగింది. మనం కుండపోత వాన అంటాం. స్పానిష్‌వారు కూడా కడవలతో కురుస్తున్నదంటారు. జర్మన్లు బకెట్లతో గుమ్మరించినట్టు అంటారు. వాళ్ళే ఇంకోసారి నూలుదారాలు కురుస్తున్నాయంటారు, ఫ్రెంచివారికి అవే తాళ్ళవుతాయి. హిందీవారి మూసలాధార్‌లో ధార రోకలంత లావు. గ్రీకులకు కుర్చీకాళ్ళు, వెల్ష్ వారికి ముసలమ్మలూ చేతికర్రలూ పడతాయి. ఇంగ్లీషువారి కుక్కలూ పిల్లుల వాన అందరికీ తెలిసినదే. ఇంటికప్పు మీద పడుకున్న కుక్కలూ పిల్లులూ వానకు జారి కిందపడేవని దానికి ఒక కథ ప్రచారంలో ఉంది గానీ, దానికి ఆధారమేమీ లేదు. జాతీయాల పుట్టుక గురించి చెప్పే ముచ్చటైన కథలను ముందుగా అనుమానించడం మంచిది. ఎంత చక్కగా అతికితే అంత అనుమానించాలి.

ఒక దెబ్బకు రెండు పిట్టలు అన్నది కూడా ఇలా లోకమంతా తిరిగేదే. జర్మన్ల దెబ్బకు పడేవి రెండు ఈగలు, రష్యన్లకు రెండు కుందేళ్ళు, ఇటాలియన్లు ఒక్క చిక్కుడు గింజతో రెండు పావురాలను పడతారు, తమిళుల రాయికి రెండు మామిడికాయలు రాలతాయి. నా మనసుకు హత్తుకునేది పతంజలి మహాభాష్యంలో దొరికే పాత మాట: మామిడి చెట్లకు నీళ్ళూ పోసినట్టయింది, పితరులు తృప్తీ పొందారు. తర్పణం వదిలే నీళ్ళే చెట్టు మొదట్లో పడ్డాయి. ఇందులో దెబ్బ లేదు, చావు లేదు, రెండు పనులూ మేలు చేసేవే. తెలుగులో దీనికి దగ్గరగా స్వామి కార్యం, స్వకార్యం అన్న మాట ఉంది. అయితే దానిలో కొంచెం స్వార్థపు వాసన ఉంటుంది కనుక, ఎక్కడ పడితే అక్కడ రెండు పిట్టల బదులు వాడడానికి కుదరదు. పైకి ఒకేలా కనబడే మాటల మధ్య ఉన్న ఇలాంటి సన్నని తేడాయే అనువాదంలో అసలు కష్టం.

ఆ తేడా ఎంత సూక్ష్మంగా ఉండగలదో చూడాలంటే మోసానికి సంబంధించిన మాటల దగ్గర కాసేపు ఆగాలి. తెలుగు ఇక్కడ చాలా సంపన్నమైన భాష. చెవిలో పువ్వు పెట్టడం, టోపీ పెట్టడం, పంగనామాలు పెట్టడం, శఠగోపం పెట్టడం. ఒక్కసారి చూడండి: అన్నీ అవతలివాడి తల మీదో, నుదుటి మీదో, చెవిలోనో ఏదో ఒకటి పెట్టడాలే! పెట్టించుకున్నవాడు అలంకారం జరిగిందనుకుంటాడు; జరిగింది నష్టం. శఠగోపం గుడిలో భక్తితో తల వంచి పెట్టించుకునేది, నామం భక్తితో దిద్దుకునేది. నమ్మి తల వంచినవాడికి జరిగే ద్రోహం కనుకనే ఆ మాటలకు అంత పదును వచ్చింది.

చెవిలో పువ్వు మన ఒక్కరిదే కాదు. కన్నడిగులూ, తమిళులూ చెవిలో పువ్వే అంటారు. విచిత్రమేమంటే, రష్యన్లు కూడా చెవినే పట్టుకున్నారు: అవతలివాడి చెవులకు సేమియా వేలాడదీయడం అంటారు. అబద్ధం చెవి ద్వారా లోపలికి పోతుంది కనుక దాన్ని చెవికే తగిలించడంలో న్యాయం ఉంది. స్పానిష్‌వారు జుట్టు పట్టుకోవడమంటారు, అందులో ఆటపట్టించడం ఎక్కువ. వారే పిల్లిని కుందేలని అంటగట్టడమంటారు, అది అచ్చంగా బేరంలో జరిగే మోసం. ఫ్రెంచివారు పడవెక్కించి తీసుకుపోతారు. జర్మన్లు ఎలుగుబంటిని వీపుకు కడతారు.

ఇప్పుడు ఒక అనువాదకుడి ముందు, ఒకడు ఇంకొకణ్ణి మోసగించాడన్న అర్థం వచ్చే విదేశీ జాతీయం ఉందనుకుందాం. ఏ తెలుగు మాట వేయాలి? కేవలం అబద్ధం చెప్పి నమ్మించాడా, అయితే చెవిలో పువ్వు. డబ్బు పోయిందా, అయితే టోపీ. అప్పు తీసుకుని ఎగ్గొట్టాడా, అయితే నామం. ఎంతో గౌరవించి దగ్గరికి తీసినవాడినే ముంచాడా, అయితే శఠగోపం. వీటి హద్దులు మనలో ఎవరూ బడిలో నేర్చుకోలేదు. అయినా అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చెవిలో పువ్వు పెట్టాడని అంటే మన చెవి ఒప్పుకోదు. నిఘంటువు మాత్రం వీటన్నిటికీ ఎదురుగా 'మోసగించు' అని ఒకే మాట రాసి ఊరుకుంటుంది. అక్కడే నాకు నిఘంటువులతో పేచీ. జాతీయానికి అర్థం రాస్తే చాలదు, దాన్ని ఎప్పుడు వాడకూడదో కూడా రాయాలి.

బరువు సంగతి చావు మాటల దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. పెద్దలు కాలం చేస్తారు, పరమపదిస్తారు, కీర్తిశేషులవుతారు. గిట్టనివాడు గుటుక్కుమంటాడు, టపా కట్టేస్తాడు, బాల్చీ తన్నేస్తాడు. ఈ చివరిది ఇంగ్లీషు నుంచి వచ్చి మన ఇంట్లో మనిషైపోయిన మాట. ఇంగ్లీషులో బకెట్ తన్నడాన్ని 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ తన మోటుమాటల నిఘంటువులో నమోదు చేశాడు. ఆ బకెట్ నీళ్ళ బకెట్ కాదనీ, కోసే పందిని కాళ్ళు కట్టి వేలాడదీసే దూలమనీ ఒక వివరణ ఉంది. ఏదైతేనేం, మనవాళ్ళు దాన్ని బాల్చీ చేశారు. ఆ బాల్చీ కూడా మనది కాదు, పోర్చుగీసు 'బాల్దె' హిందీ మీదుగా నడిచి వచ్చింది. పోర్చుగీసువారు మాత్రం చచ్చిపోవడాన్ని బూట్లు తాటించడమంటారు. పోలండువారు క్యాలెండర్‌ను తన్నుతారు. స్పానిష్‌వారు కాలు చాపుతారు. ఫ్రెంచివారు పూలమొక్కను వేళ్ళ వైపు నుంచి తింటూ ఉంటారు.

జర్మన్లలో ఒక మాట ఉంది: చెంచా అప్పగించేశాడు. ఇక తినే పని లేదు కనుక చెంచా తిరిగి ఇచ్చేశాడని. దీన్ని మొదటిసారి విన్నప్పుడు నాకు వెంటనే మన "నూకలు చెల్లాయి" గుర్తుకు వచ్చింది. ఈ భూమి మీద అతనికి రాసిపెట్టిన గింజలు అయిపోయాయి. బతుకంటే తినడమేనని, తిండి ముగిస్తే బతుకు ముగిసిందని రెండు దూరపు జాతులు ఒకే రకంగా తలచాయి. కానీ జాగ్రత్త! జర్మన్ మాటలో కొంత చులకన ఉంది. నూకలు చెల్లడంలో విధి ఉంది, ఒకింత నిట్టూర్పు ఉంది. అదే మాట "నీకు నూకలు చెల్లాయిరా" అన్నామంటే బెదిరింపు. బొమ్మలు అన్నదమ్ముల్లా ఉన్నాయని ఒకదాని చోట ఇంకొకటి వేస్తే, ఒక కుటుంబం ఏడుస్తున్నచోట మరొకరు నవ్వినట్టవుతుంది.

ఒకే బొమ్మ వేరే పని చేసే చోట్లు మరీ ప్రమాదకరం. చేతులు కడుక్కోవడమంటే ఇంగ్లీషులో బాధ్యత వదిలించుకోవడం. క్రీస్తుకు శిక్ష విధించే వేళ పిలాతు నీళ్ళతో చేతులు కడుక్కున్న బైబిలు కథ దానికి మూలం. మనం అదే అర్థంలో చేతులు దులుపుకోవడం అంటాం. హిందీలో ఒకదాని నుంచి చేతులు కడుక్కుని కూర్చోవడమంటే దాన్ని పోగొట్టుకోవడం, అంటే మన నీళ్ళు వదులుకోవడం. అదే హిందీలో చేతులు కడుక్కుని ఒకరి వెంట పడడమంటే పట్టు విడవకుండా వేధించడం. ఒకే చేయి, ఒకే నీళ్ళు, మూడు అర్థాలు. తెలుగువాడు హిందీ వాక్యంలో కడుక్కున్న చేతులను చూసి దులుపుకున్న చేతులని రాశాడో, కథలో ఆస్తి పోగొట్టుకున్న మనిషి కాస్తా బాధ్యత లేని మనిషైపోతాడు.

పొరపాట్లన్నీ నష్టమే చేస్తాయని కూడా అనలేం. యూరప్ భాషల్లో ఈ రోజు చలామణిలో ఉన్న రెండు గొప్ప జాతీయాలు ఒకే పండితుడి పొరపాట్ల వల్ల ఈ రూపం తెచ్చుకున్నాయి. ఆయన ఎరాస్మస్. గ్రీకు, లాటిన్ లోకోక్తులను పోగుచేసి 1500లో పారిస్‌లో దాదాపు ఎనిమిది వందలతో ఒక సంకలనం అచ్చు వేయించాడు. జీవితాంతం పెంచుతూ పోయాడు. 1536లో కన్నుమూసేనాటికి అవి 4,151 అయ్యాయి. లోకంలోని కీడులన్నీ పండోరా అనే స్త్రీ మూత తీయడం వల్ల బయటికి వచ్చాయని గ్రీకుల కథ. ఆ కథలో ఉన్నది నూనె, ధాన్యం నిల్వచేసే పెద్ద బాన. ఎరాస్మస్ దాన్ని లాటిన్‌లో చిన్న పెట్టెగా మార్చేశాడు. అప్పటి నుంచి లోకమంతా పండోరా పెట్టె అంటున్నది, మన పత్రికలు కూడా. ఆ మాట వచ్చినచోట తెలుగులో తేనెతుట్టెను కదిపినట్టు అంటే ఏ వివరణా అక్కర్లేదు.

రెండోది ఇంకా ముచ్చటైనది. ఉన్నది ఉన్నట్టు చెప్పడాన్ని గ్రీకులు తొట్టిని తొట్టి అనడం అనేవారు. ఎరాస్మస్ ఆ తొట్టిని తవ్వే పనిముట్టుగా పొరబడ్డాడు. 1542లో నికొలస్ యూడల్ ఎరాస్మస్‌ను ఇంగ్లీషు చేస్తూ దాన్ని పార చేశాడు. ఇక అప్పటి నుంచి ఇంగ్లీషువారు పారను పార అంటున్నారు. ఫ్రెంచివారు పిల్లిని పిల్లి అంటారు, స్పానిష్‌వారు రొట్టెను రొట్టె, ద్రాక్షసారాను ద్రాక్షసారా అంటారు, జర్మన్లు బిడ్డను పేరు పెట్టి పిలుస్తారు. అందరూ పేరు దగ్గరే ఆగారు. మనం మాత్రం పేరుతో పెట్టుకోకుండా కుండ బద్దలు కొట్టేశాం. చెప్పడమంటే లోపల దాచినది పగిలి బయటపడడం. అంతేకాదు, పగిలిన కుండ మళ్ళీ అతకదు, అన్న మాట వెనక్కి తీసుకోలేం. నేను ఎన్నో భాషల మాటలను పక్కపక్కన పెట్టి చూశాను, ఇంత ధ్వనితో, ఇంత తెగువతో ఉన్నది నాకు ఇంకొకటి కనబడలేదు.

ప్రయాణం చేసే జాతీయాల్లో అందరికీ తెలిసినది మొసలి కన్నీరు. మొసలి ఏడుస్తూ మనిషిని తింటుందన్న పాత నమ్మకం 14వ శతాబ్దిలో మాండెవిల్ పేరుతో ప్రచారమైన యాత్రాగ్రంథంతో యూరప్‌లో బాగా వ్యాపించింది. ఇప్పుడది తెలుగు, చైనీసు సహా ఎన్నో భాషల్లో సొంత మాటలా చలామణి అవుతోంది. గాలిమేడల కథ అంతకన్నా పొడుగైనది. జర్మన్లు గాలికోటలు కడతారు, హిందీవారివి హవాయీ కిలే. ఫ్రెంచివారు 13వ శతాబ్ది నుంచీ స్పెయిన్‌లో కోటలు కడుతున్నారు, అంటే తమకు అడుగు నేల లేనిచోట. చైనీయులకు అది ఆకాశంలో మంటపం. దానికి మూలంగా వాళ్ళు ఒక బౌద్ధ కథ చెబుతారు. ఒక ధనవంతుడు పొరుగువాడి మూడంతస్తుల మేడ చూసి, అలాంటిదే కట్టమని వడ్రంగిని పిలిచాడు. వడ్రంగి నేల చదును చేసి పునాది మొదలుపెట్టాడు. ధనవంతుడు వచ్చి ఇదేమిటని అడిగాడు. కింది అంతస్తు, అన్నాడు వడ్రంగి. "నాకు కింది రెండూ అక్కర్లేదు, పైది ఒక్కటి కట్టు" అన్నాడు ధనవంతుడు. ఈ కథ ఉన్న ఉపమాన కథల సంపుటిని 5వ శతాబ్ది చివర గుణవృద్ధి అనే భారతీయ భిక్షువు చైనీసులోకి తెచ్చాడు. మన నేల మీద పుట్టిన కథ అక్కడ నాలుగక్షరాల మాటగా గడ్డకట్టింది, ఇక్కడ మనం మేడను ఉంచుకుని కథను మరిచిపోయాం.

ఎన్నటికీ జరగదని చెప్పే మాటల్లో నేను ఒకటి గమనించాను. యూరప్ భాషలు అసాధ్యాన్ని కాలం మీద పెడతాయి: కోళ్ళకు పళ్ళు వచ్చినప్పుడు, కప్పలకు వెంట్రుకలు మొలిచినప్పుడు, రొయ్య కొండెక్కి ఈల వేసినప్పుడు. రోమను చక్రవర్తి అగస్టస్ అప్పు ఎగ్గొట్టేవాళ్ళ గురించి, వాళ్ళు గ్రీకు కాలెండ్స్‌నాడు తీరుస్తారులే అనేవాడట. కాలెండ్స్ రోమనుల నెలలో మొదటిరోజు, గ్రీకుల పంచాంగంలో అది లేనే లేదు. థాయివారు వచ్చే జన్మలో మధ్యాహ్నం పూట అంటారు. మనం అసాధ్యాన్ని ఎక్కువగా వస్తువు మీద పెట్టాం: కుందేటి కొమ్ము, గగన కుసుమం, గొడ్రాలి బిడ్డ. లేనిదాని గురించి వాదించుకున్న తార్కికుల దగ్గర నుంచి ఇవి మన మాటల్లోకి దిగాయి. అందుకే ఫ్రెంచి కోడిపళ్ళను తెలుగు చేసేటప్పుడు 'ఎప్పుడు' అన్న ప్రశ్నను 'ఏది' అన్న ప్రశ్నగా మార్చుకోవలసి వస్తుంది. అలా మార్చడానికి భయపడకూడదు.

ఇక పురాణాల నుంచి వచ్చిన మాటలు. తన కన్నా ఘనుల ముందు విద్య ప్రదర్శించేవాణ్ణి మనం హనుమంతుడి ముందు కుప్పిగంతులా అని అడుగుతాం. చైనీయులు లూ బాన్ గుమ్మం ముందు గొడ్డలి ఆడించడం అంటారు. లూ బాన్ వారి వడ్రంగులకు ఆరాధ్యుడు. జపానువారు బుద్ధుడికి ధర్మబోధ అంటారు. ఈ మూడూ ఒకే పద్ధతి: ఆ విద్యలో పరాకాష్ఠ ఎవరో వారి పేరు చెప్పడం. ఫ్రెంచివారు ముసలి కోతికి వెక్కిరింపులు నేర్పడం అంటారు. వారికి హనుమంతుడు తెలియడు, కోతి మాత్రం ఎలా కుదిరిందో కుదిరింది. మన తాతకు దగ్గులు నేర్పడం దానికి సరిజోడు.

కథ ఉన్నంత మాత్రాన జాతీయం పుట్టదు. గ్రీకు పురాణ వీరుడు అఖిలెస్ ఒళ్ళంతా అభేద్యం, మడమ ఒక్కటే బలహీనం. ఆ మడమ యూరప్ అంతా జాతీయమైంది. మన దుర్యోధనుడికీ దాదాపు అలాంటి కథే ఉంది, దెబ్బ తొడ మీద పడింది. అయినా ఎవరి బలహీనతనూ మనం దుర్యోధనుడి తొడ అనము, ఆయువుపట్టు అంటాం. అదే భారతంలోని శల్యుడికి మాత్రం మన నాలుక మీద శాశ్వతంగా చోటు దొరికింది.

శల్య సారథ్యానికి సాటి మాట నేను చాలా ఏళ్ళుగా వెతుకుతున్నాను. శల్యుడు కర్ణుడి రథం తోలాడు. యుద్ధానికి ముందే ధర్మరాజుకు ఇచ్చిన మాట ప్రకారం, తోలుతూనే కర్ణుణ్ణి అడుగడుగునా చిన్నబుచ్చి, అర్జునుణ్ణి పొగిడి, ధైర్యం చెడగొట్టాడు. పగ్గాలు వదల్లేదు, రథం ఆపలేదు, పని సక్రమంగానే చేశాడు. మన పక్కనే ఉండి, మన పనే చేస్తూ, మాటలతో మన ప్రాణం తీసే మనిషికి ఇంగ్లీషులో ద్రోహి అంటే ఎక్కువవుతుంది, విమర్శకుడంటే తక్కువవుతుంది. వెన్నుపోటు అసలు కాదు, ఎందుకంటే ఇది ఎదుటే జరుగుతుంది. ఈ మధ్య ఒక కథను ఇంగ్లీషు చేస్తూ, అన్న వ్యాపారంలో సాయానికి వచ్చిన తమ్ముడి గురించి వదిన అనే మాట దగ్గర ఇదే ఎదురైంది: "మీవాడిది శల్య సారథ్యమండీ." నాలుగు రోజులు ఆగిపోయాను. చివరికి శల్యుడి పేరు తీసేశాను, పాదసూచిక కూడా పెట్టలేదు. వదిన చేత ఇంగ్లీషులో ఇలా అనిపించాను: "బండి మీవాడే తోలుతున్నాడు, దారి పొడుగునా మీరు ఓడిపోతారని చెబుతూ." పదాలు రెండు పదకొండయ్యాయి, కర్ణుడు పోయాడు. వదిన కోపం మాత్రం నిలిచింది. ఇంతకన్నా పొట్టి మాట మీలో ఎవరికైనా తోస్తే, సభ అయ్యాక నాకు చెప్పండి.